బంతికి పాడె కట్టిన రోజు

నా చిన్నప్పుడు ఫుట్‌బాల్ పోటీ చూడడానికి వెళ్ళే మాలో చాలామందికి గోల్స్ మీద అంత ధ్యాస ఉండేది కాదు. మేము ఎదురుచూసేది సగం ఆట ముగిశాక వచ్చే విరామం కోసం. కువైట్‌లోని హవల్లీలో మా భారతీయ పాఠశాల ఉండేది. కొద్ది వీధుల అవతల మరొక భారతీయ పాఠశాల ఉండేది. ఏటా చలికాలంలో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఈ రెండు బడులకూ ఫుట్‌బాల్ పోటీ జరిగేది. ఆటగాళ్ళు కమలాపండ్లు ఒలుచుకుంటూ కూర్చున్న ఆ కాసేపట్లో రెండు బడుల బ్యాండులూ మైదానంలోకి దిగి కవాతు చేసేవి. కవాతు అన్నది పేరుకే. ఎదుటి బ్యాండును నవ్వులపాలు చెయ్యడమే అసలు పని.

ఈ అల్లరికి మా కన్నా ముందునుంచే ఒక ఆచారం ఏర్పడి ఉంది. అవతలి బడికి గుర్తు డేగ. ఒక సంవత్సరం వాళ్ళ బ్యాండు ముందు డేగ వేషం వేసిన పిల్లవాడు రెక్కలు చాచి గంభీరంగా నడుస్తుంటే, మా బడి చిన్న తరగతులవాళ్ళు బ్రాయిలర్ కోళ్ళ వేషాలతో అతని వెనకే బిలబిలమంటూ నడిచారు. మరుసటి ఏడు వాళ్ళు ఊరుకుంటారా? మా పెద్ద డ్రమ్ము మీద ఎవరూ చూడకుండా టాల్కం పౌడరు పోసి పెట్టారు. మొదటి దెబ్బకే మా డ్రమ్మరు తల నుంచి నడుము దాకా తెల్లగా అయిపోయాడు. పాపం, అతడు ఆపకుండా వాయించినకొద్దీ మేఘం పెరుగుతూ పోయింది. ఉపాధ్యాయులు ఇవేవీ చూడనట్టు నటించేవారు. మా ప్రధానోపాధ్యాయురాలు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉన్నారంటే నవ్వు ఆపుకుంటున్నారని మాకు తెలిసేది.

నేను ఆ రోజుల్లో ఎనిమిదో తరగతి చదువుతున్నాను. బ్యాండులో సైడ్ డ్రమ్ము వాయించేదాన్ని. ముందు వరసలో కుడి చివర నా స్థానం. దరువు అందుకునేది ఆ చివరినుంచే కాబట్టి నాకు ఆ చోటంటే చెప్పలేనంత గర్వంగా ఉండేది. మా నాయనకు కూడా గర్వమే. తెల్ల చేతితొడుగులు, భుజానికి బంగారు రంగు కుచ్చులు వేసుకుని నేను నిలబడితే ఫొటో తీయించి, సిమెంటు గోడకు మేకు దిగక, టేపుతో అతికించాడు.

అయితే మా ఇంట్లో డ్రమ్ముకు వేరొక చరిత్ర ఉంది. మాది కడప జిల్లాలో ఒక మారుమూల పల్లె. మా తాతలు తరతరాలుగా ఊళ్ళో పలకలు, అంటే తోలు డప్పులు, వాయించినవాళ్ళు. పెండ్లికైనా, జాతరకైనా, చావుకైనా మావాళ్ళకే పిలుపు వచ్చేది. వాయించేటప్పుడు మావాళ్ళు కావలసి వచ్చేవాళ్ళు, వాయించడం అయ్యాక దూరంగా కూర్చోవలసి వచ్చేది. మా నాయన కువైట్ వచ్చి ఒక కంపెనీ స్టోరులో పనిలో కుదురుకున్నాక, మమ్మల్ని కూడా తెచ్చుకున్నాక, పెట్టిన మొదటి కట్టుబాటు ఇదే: ఈ దేశంలో మన ఇంటి పనేమిటో ఎవరికీ తెలియనవసరం లేదు, పలక మాట ఇంట్లో కూడా ఎత్తవద్దు. నాకు నాలుగేళ్ళు నిండకముందే ఊరు విడిచిపెట్టాం కాబట్టి నాకు ఎత్తడానికి తెలిసిందీ పెద్దగా లేదు. బడి డ్రమ్ము ఆయన దృష్టిలో చదువులో భాగం. పలక వేరు.

మా నాయన తమ్ముడు, మా చిన్నాయన, మాతోనే ఉండేవాడు. ఆయన మా బడి బస్సు డ్రైవరు. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. అరబ్బీ, హిందీ, మలయాళం, అన్నిటినీ కడప యాసలోనే మాట్లాడేవాడు. పిల్లలందరికీ ఆయన దగ్గర చనువు. "యల్లా, యల్లా, ఎక్కండి. ఆ డప్పులు ఎనకాల పెట్టండి, నా నెత్తిన కాదు," అని ఆయన అరిచినప్పుడు తెలుగు రాని పిల్లలు కూడా డ్రమ్ములు వెనక పెట్టేవాళ్ళు. ఆయన ఊళ్ళో ఉన్నంతకాలం పలకల వరసలో మొదటి మనిషి. ఆయన పుల్ల పడితే తప్ప మిగతావాళ్ళు మొదలుపెట్టేవారు కారని మా అమ్మ చెప్పేది, అదీ నాయన ఇంట్లో లేనప్పుడు.

ఆ ఏడు చలికాలం మొదట్లో మా జేజి, అంటే మా నాయనా చిన్నాయనల తల్లి, ఊళ్ళో కన్నుమూసింది. పక్కూరి టెలిఫోన్ బూత్ నుంచి ఫోన్ వచ్చింది. మా నాయనకు కంపెనీ వెంటనే సెలవిచ్చింది. చిన్నాయనకు ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండడానికిచ్చే అనుమతి, గడువు ముగిసి, కొత్తదాని కోసం పాస్‌పోర్టు సర్కారు ఆఫీసులో ఉంది. కాగితాల పనులు చూసే మందూబ్‌ను వెతుక్కుంటూ చిన్నాయన మిర్కాబ్‌లోని ఆఫీసుకు వెళ్ళి ఆ రోజంతా మెట్ల మీదే కూర్చున్నాడు. మందూబ్ మంచివాడే. భుజం మీద చెయ్యి వేసి, రేపు, దేవుడి దయవల్ల రేపు, అన్నాడు. ఆ రేపటికి అక్కడ ఊళ్ళో జేజిని పూడ్చిపెట్టారు. మా నాయన తిరిగి వచ్చాక అన్నీ చెప్పాడు గానీ ఒక్క సంగతి చెప్పలేదు. దాన్ని చిన్నాయనే అడిగాడు.

"మొదట ఎవరు కొట్టినారు?"

"ఎవరూ కొట్టలే. నీ చోటు ఇడిసిపెట్టి, రెండో మనిషి కాడినించి మొదలుపెట్టినారు."

చిన్నాయన తల ఊపి, కంచంలో అన్నం కలుపుకుంటూ ఉండిపోయాడు. ఊళ్ళో ఎవరు పోయినా కులం చూడకుండా ఇంటినుంచి గుంత దాకా దరువుతో సాగనంపిన మనిషి, తన తల్లిని మాత్రం సాగనంపలేకపోయాడు. ఈ మాట అమ్మ నాతో అప్పుడే చెప్పింది. నేను విన్నాను. జేజిని నేను చూసింది ఒకటి రెండు సెలవుల్లోనే. విన్నదాన్ని ఎక్కడ దాచుకోవాలో నాకు తెలియలేదు.

ఫుట్‌బాల్ పోటీ దగ్గర పడింది. మా బ్యాండు కెప్టెన్ పదకొండో తరగతి చదివే మలయాళీ అక్క. పొడుగ్గా, చురుగ్గా ఉండేది. బస్సులో డ్రైవరు సీటు వెనకే మాకు సమావేశం జరిగేది. ఆ ఏడు ఆమెకు వచ్చిన ఆలోచన విని మేమందరం నోళ్ళు మూసుకుని నవ్వాం. అవతలి బడి బ్యాండు ఎప్పుడూ చాలా నెమ్మదిగా, కాళ్ళు ఈడ్చినట్టుగా, హుందాగా మైదానంలోకి వస్తుంది. ఆ నడక చూస్తే శవయాత్ర గుర్తుకు వస్తుంది కదా, అని ఆమె అంది. కాబట్టి వాళ్ళ వెనకే మనం ఒక పాడె తీసుకుపోదాం. దాని మీద వాళ్ళ రంగుల ఫుట్‌బాల్ ఒకటి పడుకోబెట్టి, తెల్లగుడ్డ కప్పి, దండ వేద్దాం. నేల తుడిచే కర్రలు రెండు చాలు. మరి దరువు? ఒక పిల్లవాడు టీవీలో వచ్చే విషాద సంగీతం చెప్పాడు. అది అందరికీ తెలిసిందే అని కెప్టెన్ పెదవి విరిచింది.

అప్పుడు నేను అన్నాను. "మా ఊళ్ళో చావుకు కొట్టే దరువు ఒకటి ఉంది. ఇక్కడ ఎవరూ విని ఉండరు."

అందరూ నా వైపు తిరిగారు. అలా తిరగడం ఎంత బాగుందో ఇప్పటికీ గుర్తుంది. కెప్టెన్ అడిగింది, "నీకు వచ్చా?"

"మా చిన్నాయనకు వచ్చు," అన్నాను. ఎదురుగా అద్దంలో చిన్నాయన ముఖం కనిపించే చోటే కూర్చుని ఉన్నాను. కానీ అద్దం వైపు చూడలేదు.

ఆ సాయంత్రం పిల్లలందరినీ దింపేశాక, మా భవనం వెనక ఇసుక స్థలంలో చిన్నాయన బస్సు ఆపాడు. నేను డ్రమ్ము తెచ్చి ఆయన పక్క సీటులో పెట్టి విషయమంతా చెప్పాను. నాయనకు తెలియనివ్వనని ఒట్టు కూడా పెట్టాను. ఆయన విన్నాడు.

"సావు దెబ్బ. బంతికి," అన్నాడు.

"ఆటకే చిన్నాయనా. అందరూ నవ్వుతారు."

"నవ్వుతారులే," అని డ్రమ్మును ఒడిలోకి తీసుకున్నాడు. పలకలాగా వాలుగా పెట్టుకుని, నా పుల్లలు రెండూ చేతిలోకి తీసుకుని, బరువు చూశాడు. తరువాత తల వంచుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు. బయట పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు. ఆయన గుర్తు చేసుకుంటున్నాడు కాబోలు అనుకున్నాను. చివరికి పుల్లలు నాకు తిరిగి ఇచ్చేశాడు.

"నువ్వు కొట్టు. నేను నోటితో చెప్తా," అన్నాడు.

వారం రోజులు అలాగే నేర్పాడు. తాను ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. మోకాలి మీద తట్టేవాడు, నోటితో పలికించేవాడు, తప్పితే నాలుక చప్పరించేవాడు. దరువు నాకు తొందరగానే పట్టుబడింది. పట్టుబడినకొద్దీ నాకొక అనుమానం వచ్చింది.

"ఇంత హుషారుగా ఉందేంది చిన్నాయనా? చావుదేనా?"

"మన పక్క అట్లనే పంపిస్తారు పాపా. ఏడుపు ఇంట్లోవాళ్ళది. పలకది కాదు." ఈ మాట చెప్పి ఆయన బస్సు అద్దాలు తుడవడానికి దిగిపోయాడు.

నాకది చాలా గొప్ప మాటలా తోచింది. మరునాడు బ్యాండుకు దరువు నేర్పుతూ, కెప్టెన్‌కు అదే మాట నా సొంత మాటలాగా చెప్పాను.

పోటీ రోజున ఎండ తేలికగా ఉంది. మైదానం చుట్టూ సిమెంటు మెట్లు, ఒక పక్క మా బడి, ఎదుటి పక్క వాళ్ళ బడి. మూల మెట్ల మీద, ఏటా వచ్చినట్టే, శుక్రవారం సెలవు దొరికిన మనవాళ్ళు చేరారు. హవల్లీలో ఒక్కో గదికి పదిమందేసి ఉండే మనుషులు. కడపవాళ్ళు, గోదావరివాళ్ళు, వేరుశనక్కాయల పొట్లాలతో ఎండ కాచుకుంటూ కూర్చునేవారు. వాళ్ళకు ఏ బడి గెలిచినా ఒకటే. డబ్బులివ్వకుండా దొరికే వినోదం అది ఒక్కటే.

విరామం వచ్చింది. అవతలి బడి బ్యాండు తన పద్ధతి ప్రకారం నెమ్మదిగా దిగింది. వాళ్ళ నాయకుడు తలపాగా కట్టిన పొడుగాటి పంజాబీ కుర్రవాడు. చేతిలో వెండి పూత దండం పైకి విసిరి పట్టుకుంటున్నాడు. వాళ్ళు మైదానం మధ్యకు చేరగానే మా పాడె బయలుదేరింది. నలుగురు అబ్బాయిలు ముఖాలు వేలాడేసుకుని మోస్తున్నారు. వెనక ఒక అమ్మాయి చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుంటోంది. జనం అప్పటికే నవ్వడం మొదలుపెట్టారు. కెప్టెన్ నాకేసి చూసి తల ఊపింది. నేను దరువు అందుకున్నాను. ముందు నేనొక్కదాన్ని, తరువాత నా పక్కవాళ్ళు, తరువాత పెద్ద డ్రమ్ము.

మూల మెట్ల మీద ఒక్కసారిగా మాటలు ఆగాయి. ఆ నిశ్శబ్దం చూసి నా గుండె పొంగింది. మరుక్షణంలో అక్కడినుంచి ఈల వినబడింది.

"రేయ్, ఇది పెండ్లికొడుకు మెరవణి దెబ్బ గదరా," అని ఎవరో గట్టిగా అన్నారు. "లెయ్యండ్రా, పెండ్లికొడుకు వచ్చినాడు."

"పాడె మింద పెండ్లికొడుకేందిరో?"

"కువైట్ సంబంధం కదా. పాపం ఇఖామా చేతికొచ్చేటప్పటికి ఇట్లయిపోయింటాడు."

మెట్లన్నీ విరగబడి నవ్వాయి. గోదావరి మనిషి ఒకాయన లుంగీ ఎగ్గట్టి, "అయితే అయ్యాడండి, ఊరేగింపు మానేస్తామా ఏంటి," అంటూ మైదానంలోకి దిగేశాడు. ఆయన వెనక పదిమంది. నా చేతులు ఆగవలసింది. ఆగలేదు. పెద్ద డ్రమ్ము వాడికి దరువు బాగా నచ్చి వేగం పెంచేశాడు. దిగినవాళ్ళు మా అబ్బాయిల భుజాల మీదనుంచి పాడె అందుకుని, పల్లకి ఊపినట్టు ఊపుతూ చిందు వేశారు. తెల్లగుడ్డ జారిపోయింది. దండ మాత్రం బంతి మీదే ఉంది. అవతలి బ్యాండు నాయకుడు ఒక్క నిమిషం నివ్వెరపోయి చూసి, తెలివైనవాడు, తన జేబులోని ఎర్ర రుమాలు తీసి బంతికి తలపాగాలాగా చుట్టాడు. వాళ్ళ డ్రమ్ములు మా దరువు పట్టేశాయి. వాళ్ళ నెమ్మది నడక ఊరేగింపుగా మారిపోయింది. మా బంతి వాళ్ళ పెండ్లికొడుకైంది. రెండు వైపుల మెట్లూ చప్పట్లు కొట్టాయి. ప్రధానోపాధ్యాయురాలు కళ్ళజోడు తుడవడం కూడా మానేసి బాహాటంగా నవ్వారు.

ఆ గందరగోళంలో నేను చిన్నాయన కోసం వెతికాను. గేటు దగ్గర బస్సు తలుపుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆయనా నవ్వుతున్నాడు. నాకు చెయ్యి ఊపాడు.

ఆ చెయ్యి ఊపడమే నాకు భరించరానిదైంది. తెలిసే చేశాడని అప్పుడు అర్థమైంది. ఆట ముగిశాక కెప్టెన్ నా దగ్గరకు వచ్చింది. కోపంగా కాదు, అలసటగా అంది, "రేపటినుంచి వెనక వరసలో నిలబడు." ముందు వరస కుడి చివర చోటు ఇంకొక అమ్మాయికి పోయింది. నేను బస్సులో చిట్టచివరి సీటులో కూర్చుని, ఇల్లు చేరేదాకా కిటికీలోంచే చూశాను.

ఇంట్లో నాయన లేడు. అమ్మ దగ్గర ఏడుస్తూ అంతా చెప్పేశాను. చిన్నాయన అబద్ధం చెప్పాడన్నాను, నన్ను అందరిలో వెర్రిదాన్ని చేశాడన్నాను. అమ్మ వంటగట్టు మీది గిన్నె పక్కకు జరిపి, చేతులు తుడుచుకుంటూ నన్ను చూసింది.

"ఆ దెబ్బ నీకు యాడ నేర్పిస్తాడు పాపా? వాళ్ళమ్మకే కొట్టలేకపాయ," అంది. టీ పోసి గ్లాసు నా చేతికిచ్చి, ఆయనకు ఇచ్చి రమ్మంది.

బస్సు ఇసుక స్థలంలో ఉంది. ఎండ ఇంకా పూర్తిగా పోలేదు. చిన్నాయన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నేను దింపుకోకుండా వదిలేసిన డ్రమ్ము ఆయన పక్కనే ఉంది. టీ గ్లాసు అందించాను. ఏమీ అడగకూడదనే వెళ్ళాను కానీ అడిగాను, ఎందుకు అబద్ధం చెప్పావని.

"నేర్పాలంటే ముందు నేను కొట్టి చూపియ్యాల," అన్నాడు. "ఆ దెబ్బ నేను మళ్ళా కొడితే మొదట మాయమ్మకే కొట్టాల. ఆమెకు బాకీ ఉండాను. ముందు ఆటలో కొట్టేసి, నవ్వించేసి, ఆనక అదే దెబ్బ ఆమె కాడికి తీసుకపోయి ఏమని కొట్టేది?"

"అయితే రాదని చెప్పొచ్చు కదా."

"చెప్పొచ్చు. నువ్వు అంతమందిలో వస్తాదని చెప్పి కూర్చున్యావు. రాదంటే నీ మొగం చిన్నబోతాది. పెండ్లి దెబ్బ అయితే ఎట్లున్నా నవ్వుతారులే, నా బిడ్డ ఓడిపోదులే అనుకుంటి." కొంచెం ఆగి, "కోపం పోయిందా?" అన్నాడు.

"లేదు," అన్నాను.

ఆయన టీ తాగాడు. గ్లాసు నాకిచ్చేశాడు. ఒక చెయ్యి డ్రమ్ము మీద పెట్టుకుని ఉన్నాడు. కొట్టడానికి కాదు, పశువు వీపు మీద పెట్టినట్టు ఊరికే పెట్టుకుని ఉన్నాడు. నేను కదలకుండా నిలబడి ఉండడం చూసి, "ఇంకేమన్నా అడుగుతావా?" అన్నాడు.

"ఏం లేదు," అని చెప్పి, గ్లాసు తీసుకుని వచ్చేశాను. మరునాడు సైన్సు పరీక్ష ఉంది.

ఆ తరువాతి సంగతి నేను క్లుప్తంగానే చెప్పగలను. చిన్నాయనకు సెలవు దొరికి ఊరికి పోవడానికి ఇంకా రెండేళ్ళు పట్టింది. పోయాడు. గోడకు వేలాడుతున్న పలక దించి, దులిపి, తోలు బిగిసేందుకు మంట దగ్గర కాచి, తల్లిని పూడ్చిన చోటికి బయలుదేరాడు. పెద్దవాళ్ళు దారిలోనే ఆపేశారట. దినాలు అయిపోయాయి, సంవత్సరీకం కూడా అయిపోయింది, ఇప్పుడు ఊళ్ళో ఎవరూ పోకుండా చావు దరువు మోగితే ఊరికి కీడు, ఇంకెవరినో పిలిచినట్టవుతుంది, అన్నారు. ఆ మాటను కాదనే మనిషి కాడు ఆయన. అలా చెయ్యకూడదన్న సంగతి ఊళ్ళో అందరికన్నా ఆయనకే బాగా తెలుసు. దూరదేశంలో రెండేళ్ళు కూర్చుని, తెలిసిన కట్టుబాటునే మరిచిపోయి, ఆ దరువు తన కోసం ఆగి ఉంటుందని అనుకున్నాడు. తిరిగి వచ్చాక అమ్మతో ఇదంతా నవ్వుతూనే చెప్పాడు. "పలక బాగా కాగింది వదినా. ఊరికే కాగింది," అన్నాడు.

నేను తరువాత తిరుపతిలో చదువుకున్నాను. మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని నేనే. ఆ రోజు చిన్నాయన కువైట్‌లో బస్సులోని పిల్లలందరికీ చాక్లెట్లు పంచాడని అమ్మ ఫోనులో చెప్పింది. చిన్నాయన ఇప్పుడు లేడు. వాయించవలసినది వాయించకుండానే పోయాడు.

ఆయన నాతో ఆడిన అబద్ధాన్ని నేను ఎప్పుడో క్షమించాను. నిజానికి క్షమించడానికి అందులో ఏమీ లేదు. నన్ను వేధించేది అది కాదు. ఆ సాయంత్రం బస్సు మెట్టు మీద ఆయన పక్కన డ్రమ్ము ఉంది. చేయి దాని మీదే ఉంది. చుట్టూ ఎవరూ లేరు. అది మా ఊరు కాదు, అక్కడ దరువు మోగితే కీడు అనేవాళ్ళు లేరు. దినాలు అయిపోయాయా లేదా అని లెక్కపెట్టేవాళ్ళు లేరు. ఇంకేమన్నా అడుగుతావా అని ఆయనే అడిగాడు. చిన్నాయనా, జేజి కోసం ఒక్కసారి కొట్టు, నేను వింటాను, అని అడగడానికి ఒక్క మనిషి చాలు. ఆ మనిషిని నేనే. వారంపాటు అదే దరువనుకుని నేర్చుకున్నదాన్ని. అడగవలసిన క్షణంలో ఏం లేదని చెప్పి వచ్చేశాను. పదమూడేళ్ళ పిల్లకు అంత తెలియదని మా అమ్మ ఓదారుస్తుంది. తెలియదు, నిజమే. తెలియకపోవడం వల్ల జరగవలసినది జరిగినట్టు కాదు కదా. ఆయనకు అడిగేవాళ్ళే లేకపోయారు. పిలుపు లేకుండా తనంతట తాను మొదలుపెట్టే మనిషి కాడు.

ఒక దరువును నవ్వులకు వాడుకోవచ్చా కూడదా అన్నది ఆయన నాకు చెప్పకనే చెప్పిన పాఠం. దాన్ని నేను నేర్చుకున్నాను. వేళాకోళానికి ఏది తగుతుందో ఏది తగదో ఈ వయసులో కొంత తెలుసు. కానీ నాతో మిగిలింది ఆ పాఠం కన్నా, నేను అడగని ఆ ఒక్క మాట.

నేను ఇప్పుడు ఒక డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతాను. మా ప్రాంతంలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. సెలవులకు వచ్చినవాళ్ళు పిల్లల ఫీజు కట్టడానికో, చేర్పించడానికో నా దగ్గరకు వస్తుంటారు. అమ్మ పోతే రాలేకపోయాను మేడమ్, నాయన పోతే ఫోనులోనే చూశాను మేడమ్, అని మాటల మధ్యలో చెప్పి, వెంటనే ఫీజు సంగతిలోకి వెళ్ళిపోతారు. అయ్యో అని ఊరుకోవడం మర్యాద. నేను ఆ మర్యాద పాటించను. కాగితాలు పక్కన పెట్టి, కూర్చోమని చెప్పి, ఆమె ఎట్లాంటి మనిషో చెప్పండి, అంటాను. కొందరు ఇబ్బంది పడతారు. కొందరు గడియారం చూస్తారు. చాలామంది కాసేపటికి మొదలుపెడతారు, ఎక్కువగా ఆమె చేసే ఏదో ఒక పచ్చడి దగ్గరనుంచి. నేను మధ్యలో మాట్లాడను. వాళ్ళు చెప్పడం అయ్యేదాకా లేవను.